ఎర్తు గుంతలో నీళ్ళ చప్పుడు

దేవుడి మీద ఒట్టు పెడితే మీరు నమ్మరు. పిల్లల మీద ఒట్టు పెట్టడం నాకు ఇష్టం లేదు. నా క్లాంప్ మీటరు మీద ఒట్టు... ఇది జరిగింది. వేరేవాళ్ళకు జరిగితే విన్నది కాదు. నాకే జరిగింది. నా చేతిలో మీటరు ఉండగా, నా కళ్ళు అంకెల మీద ఉండగా జరిగింది.

నవ్వకండి. నవ్వేవాళ్ళు ముందే నవ్వేసి, తర్వాత నోరు మూసుకుని వినండి.

నా సంగతి మీకు తెలుసు. ఉండేది మదనపల్లెలో. పొద్దున్నే టమోటా లారీల మధ్య నలుగుతూ బస్సెక్కి పుంగనూరు పోయి, అక్కడ ఒక ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు పిల్లలకు పాఠం చెబుతాను. వోల్టేజిని కరెంటుతో భాగిస్తే నిరోధం వస్తుంది. వోల్టేజిని కరెంటుతో గుణిస్తే పవరు వస్తుంది. ఈ రెండు ముక్కలే నా అన్నం. ఎవరైనా దయ్యాల కథ మొదలుపెడితే మధ్యలో లేచిపోయి టీ పెట్టుకునే రకం నేను. అలాంటి దాన్ని... ఇప్పుడు నేనే చెప్పుకోవాల్సి వచ్చింది. ఖర్మ.

మా చిన్నమ్మ ఉంది కదా, అమ్మ చెల్లెలు రత్నమ్మ. రామసముద్రం దారిలో ఒక మల్బరీ తోటలో ఉంటుంది. తోటలోనే ఇల్లు, చుట్టూ చేలు. దగ్గరి ఇల్లంటే మునెమ్మది, అదీ రెండు మళ్ళ అవతల. చిన్నమ్మ వయసులో ఉన్నన్నాళ్ళూ పట్టుగూళ్ళు ఉడకబెట్టి దారం తీసే పనిలో ఉంది. కట్టెల పొగ, ఉడుకునీళ్ళ ఆవిరి. ఊపిరితిత్తులు ఎప్పుడో పాడైపోయాయి. ఇప్పుడు ఇంట్లో ఆక్సిజన్ మిషను. ముక్కులో గొట్టం. రాత్రింబగళ్ళు ఆ మిషను ఆడుతూనే ఉండాలి. బుస్... టక్. బుస్... టక్. ఆ చప్పుడు ఆగితే ఆమె పెదాలు నల్లబడతాయి. కళ్ళారా చూశాను ఒకసారి. ఇంకోసారి చూడలేను.

కొడుకు మంజు కుప్పంలో, ఒక గ్రానైటు పాలిష్ యూనిట్‌లో పని చేస్తాడు. కరెంటు పోతే వాడుకోవడానికి ఒక సిలిండరు పెట్టుకున్నారు. అది ఖాళీ అయితే కుప్పం తీసుకుపోయి నింపించుకుని వస్తాడు. ఆ రోజు అదే పని మీద పోయాడు. రాత్రికి వచ్చేస్తాను, అంతవరకు అమ్మ దగ్గర ఉండక్కా అన్నాడు. సరేనన్నాను. ఎండాకాలం సెలవులు, నాకు మాత్రం ఏం పని?

సాయంత్రం దాకా ఆకు కదల్లేదు. ఉక్క. చీకటి పడ్డాక ఒక్కసారిగా గాలి మొదలైంది. వాన కాదు. చినుకు లేదు. వట్టి గాలి. దుమ్ము, రేకులు, ఎండుకొమ్మలు... ఇంటి చుట్టూ ఎవరో పరిగెత్తుతున్నట్టు ఒకటే మోత. ఎక్కడో ఠప్ మని తెగింది.

లైటు ఒక్కసారి ఎర్రబడి ఆరిపోయింది.

మిషను ఆగింది.

ఫోను లైటు వేసి చిన్నమ్మ ముఖం చూశాను. ఆమె కళ్ళు పెద్దవి చేసి నన్నే చూస్తోంది. బ్యాగులోంచి మీటరు తీశాను. నేను చీర మరిచిపోతానేమో కానీ మీటరు మరవను. స్విచ్‌బోర్డు దగ్గర చూస్తే... ఫేజు వస్తోంది. అంటే కరెంటు పోలేదు. న్యూట్రల్ తెగింది. స్తంభం దగ్గర మన ఇంటికి వచ్చే తీగ గాలికి ఊడిపోయింది.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. కరెంటు ఒక తీగలో వస్తుంది, పని చేసి ఇంకో తీగలో తిరిగిపోతుంది. వచ్చేది ఫేజు, పోయేది న్యూట్రల్. రావడానికి దారి ఉండి పోవడానికి దారి లేకపోతే, అది కదలదు. ఇంటి దాకా వచ్చి గుమ్మంలో నిలబడి ఉంటుంది, అంతే.

108కి ఫోను చేయలేదా అంటారు. చేశాను. దారిలో చెట్లు పడ్డాయి, తీసినాక వస్తామన్నారు. లైన్‌మన్‌కూ చేశాను. పాపం, ఎత్తాడు. అన్ని ఊర్లలోనూ తీగలు తెగాయట, తెల్లారేలోగా రాలేను, స్తంభం ముట్టుకోవద్దన్నాడు. మంజుకు చేశాను.

"అక్కా, వి.కోట కాడ సింతమాను అడ్డం పడిండాది. లారీలన్నీ నిలబడిపోయినాయి. సిలిండరు నా కాళ్ళ కాడే ఉండాది. ఎట్లన్నా వస్తాండా. అమ్మను సూసుకో అక్కా."

నేను గట్టిగా ఉన్నట్టు నటించి ఫోను పెట్టేశాను.

అప్పుడు గుర్తొచ్చింది... ఎర్తు గుంత.

ఆ గుంత నాకు చిన్నప్పటినుంచి తెలుసు. ఇంటి వెనక గోడకు ఆనుకుని ఉంటుంది. కరెంటును భూమిలోకి పంపడానికి నేలలో దించిన ఇనుప పైపు, దాని చుట్టూ బొగ్గూ ఉప్పూ. చిన్నమ్మ అత్త, నేను అవ్వా అనేదాన్ని, రోజూ దీపం పెట్టే వేళకు ఆ గుంతలో నీళ్ళు పోసేది. కరెంటుకు దప్పికవుతుందట. మొదట్లో వైరింగు చేసినవాడెవడో గుంత తడిగా ఉంచమని చెప్పి పోయాడు. ఆమె దాన్ని పట్టుకుంది. పశువులకు కుడితి పెట్టినట్టు, తులసికి నీళ్ళు పోసినట్టు, గుంతకూ ఒక వంతు. ఒంట్లో బాగాలేని రోజు కూడా మానలేదు.

అవ్వ పోయి చాలా ఏళ్ళయింది. తర్వాత గుంతను పట్టించుకున్నవాళ్ళు లేరు. చిన్నమ్మ అసలు అటు పోదు. అత్తాకోడళ్ళకు ఉప్పూనిప్పూ. ఒకే ఇంట్లో రెండు పొయ్యిలు. కోడలి చేతి నీళ్ళు అత్త తాగదు, అత్త బిందె కోడలు ముట్టదు. దేనికి మొదలైందో చివరికి ఇద్దరికీ గుర్తు లేదు.

సరే. నేను చేసింది చెబుతాను, మీరెవరూ చేయకండి. న్యూట్రల్ బదులు మిషను తీగను ఎర్తుకు కలిపాను. కరెంటు భూమిలోంచి తిరిగిపోవాలి. ఇది తప్పు. ప్రమాదం. గుంత చుట్టూ నేలకు కూడా కరెంటు వస్తుంది, తడికాళ్ళతో దగ్గరికి పోతే పట్టేస్తుంది. నా క్లాసులో ఎవడైనా ఈ పని చేస్తే చెవి మెలేసి బయట నిలబెడతాను. కానీ ఆ రాత్రి చిన్నమ్మ గోళ్ళు నీలంగా మారుతున్నాయి. ఏం చేయమంటారు?

మిగతా స్విచ్‌లన్నీ ఆపేశాను. పెరటి చివర గడ్డపార ఒకటి నేలలో దిగ్గొట్టి, దానికో తీగ కట్టి కిటికీలోంచి లోపలికి లాక్కున్నాను. ఎందుకంటే భూమి ఎన్ని వోల్టులు మింగుతోందో నాకు తెలియాలి. ఎర్తు తీగకూ గడ్డపారకూ మధ్య చూస్తే ఆ లెక్క తెలుస్తుంది. బ్యాగులోదే ఇంకో మీటరు, క్లాంపుది, తీగను దవడలో పట్టుకుని ఎంత కరెంటు పోతోందో చెబుతుంది.

మిషను వేశాను. లేచింది... మూలిగింది... వెంటనే బీప్ బీప్ మని అరుపు.

గడ్డపార మీటరు యాభై ఏడు వోల్టులు. క్లాంపు ఒకటీ పాయింటు ఒకటి అయిదు ఆంపియర్లు. భాగించాను. నిరోధం యాభై ఓములు. ఎండిన గుంత. రెండువందల ముప్పై వోల్టుల్లో యాభై ఏడు మట్టే తినేస్తోంది. గుణిస్తే అరవై అయిదు వాట్లు. ఒక బల్బు వెలిగేంత పవరు ఊరికే మట్టిని వేడి చేస్తోంది. అదంతా మా చిన్నమ్మ ఊపిరిలోంచి పోతున్నట్టే. మిషనుకు మిగిలింది నూటడెబ్భై చిల్లర. అది చాలదు. దానికి కనీసం నూటతొంభై అయిదు ఉండాలి.

నిరోధం తగ్గాలి. తగ్గాలంటే గుంత తడవాలి.

రబ్బరు చెప్పులేసుకుని పరిగెత్తాను. కరెంటు ఆపి, ఉప్పు చల్లి, డ్రమ్ములోంచి బిందెడు నీళ్ళు పోశాను. మట్టి నీళ్ళు తాగే చప్పుడు మీరు విన్నారా ఎప్పుడైనా? గుబుక్... గుబుక్... అని లోపలికి లాక్కుంటుంది. లోపలికొచ్చి మిషను వేశాను. ఇరవై అయిదు వోల్టులు. ఒకటీ పాయింటు మూడు ఏడు ఆంపియర్లు. పద్దెనిమిది ఓములు! మిషనుకు రెండువందల అయిదు అందుతోంది.

బుస్... టక్. బుస్... టక్.

చిన్నమ్మ గుండెలు ఎత్తెత్తి కొట్టుకోవడం మెల్లగా తగ్గింది. నేను నేల మీద కూలబడి ఏడ్చాను. సిగ్గేం లేదు, ఏడ్చాను.

కానీ ఆ సంతోషం ఎంతసేపు? ఆ నేల ఎర్రమట్టి, ఎన్ని నెలల దాహమో. నీళ్ళు కిందికి జారిపోతుంటే అంకె మెల్లగా ఎక్కేది. ఇరవై ఓములు. ఇరవై నాలుగు. ఇరవై ఎనిమిది. మళ్ళీ పరుగు, మళ్ళీ బిందె. బోరు వేద్దామంటే త్రీఫేజు లేదు. డ్రమ్ము అడుగంటింది. తాగే కుండ వంచాను. దేవుడి గూట్లో చెంబు వంచాను. చివరికి మజ్జిగ కూడా పోశాను. ఉప్పేసిన మజ్జిగలో కరెంటు బాగానే పారుతుంది, నవ్వకండి. మునెమ్మను కేకేశాను. గాలి నా కేకను నా నోట్లోనే కుక్కేసింది. చిన్నమ్మను వదిలి ఆ చీకట్లో రెండు మళ్ళు దాటి పోవడానికి ధైర్యం చాల్లేదు.

ఇంట్లో చుక్క నీళ్ళు లేవు.

మీటరు ముందు కూర్చున్నాను. చిన్నమ్మ మంచం మీద, గోడకు ఆనించిన దిండ్లకు ఒరిగి ఉంది. ఆ గోడకు అవతలే గుంత. వెనక తలుపు గడియ వేసి ఉంది. ఫోను లైటు కూడా ఆపేశాను, చార్జింగు మిగుల్చుకోవాలి కదా. మీటరు వెలుగు, మిషను మీద పచ్చ చుక్క. అంతే వెలుతురు.

ముప్పై నాలుగు వోల్టులు... ముప్పై ఆరు... ముప్పై ఎనిమిది. కరెంటు ఒకటీ పాయింటు రెండు ఎనిమిది. ముప్పై ఓములు.

బీప్.

"వనజా... గాలి రాలా..." అంది చిన్నమ్మ.

నా దగ్గర ఏమీ లేదు. ఏమీ. వోల్టేజి, కరెంటు, నిరోధం, పవరు... అన్నీ తెలుసు. ఒక్క బిందె నీళ్ళు లేవు. అంత చేతకానితనం నాకు ఎప్పుడూ తెలియదు. చిన్నమ్మ చెయ్యి పట్టుకున్నాను. బీప్... బీప్... గాలి ఒక్కసారిగా తగ్గింది. ఊరంతా చెవులు మూసుకున్నట్టు నిశ్శబ్దం.

అప్పుడు...

గోడ అవతల...

గుబుక్.

గోడకు చెవి పెట్టాను.

గుబుక్... గుబుక్... గుబుక్...

బిందె మూతి సన్నది కదా, నిండు బిందె వంచితే నీళ్ళు గటగటా రావు. ఆగి ఆగి వస్తాయి. ఆ చప్పుడు అది. పొరబడే చప్పుడు కాదు. ఇంచుమించు నా వీపు వెనకే, గోడకు అవతల, ఎవరో వంగి, తొందర లేకుండా, బిందె వంచుతున్నారు.

కళ్ళు మీటరు మీద పడ్డాయి.

ముప్పై ఆరు. ఇరవై అయిదు. పదమూడు... వోల్టులు దిగుతున్నాయి. క్లాంపు చూస్తే, ఒకటీ పాయింటు మూడు ఏడు, ఒకటీ పాయింటు నాలుగు నాలుగు... అది ఎక్కుతోంది.

మీరు అంటారు, రాత్రిపూట సప్లయి వోల్టేజి పెరిగి ఉంటుందిలే అని. నేనూ ముందు అదే అనుకోవాలని చూశాను. పెరిగితే రెండూ పెరగాలి. ఇక్కడ ఒకటి దిగుతోంది, ఒకటి ఎక్కుతోంది. దానికి ఒకటే అర్థం. నిరోధం పడిపోతోంది. నేల తడుస్తోంది. ఈ లెక్క పిల్లలకు వందసార్లు చెప్పి ఉంటాను. చెబుతున్నప్పుడు ఎన్నడూ నా వెన్ను జలదరించలేదు.

బీప్ ఆగింది. బుస్... టక్.

ఏడు పాయింటు నాలుగు వోల్టులు. ఒకటీ పాయింటు నాలుగు ఎనిమిది ఆంపియర్లు. భాగించాను. తప్పేమో అని మళ్ళీ భాగించాను. అయిదు ఓములు. ఆ గుంత కొత్తగా తవ్విన రోజు కూడా అయిదు చూపించి ఉండదు.

మొదట నాకు సంతోషమే వేసింది. మునెమ్మ వచ్చింది అనుకున్నాను. నా కేక విని నీళ్ళు తెచ్చింది మహాతల్లి! మరుక్షణం గుర్తొచ్చింది. ఆమె ఎప్పుడూ వట్టికాళ్ళతోనే తిరుగుతుంది. తడినేల. గుంతలో కరెంటు. చెయ్యి ఆ పైపు మీద పడిందంటే...

"ఎవరప్పా అది? మునెమ్మా? దగ్గరికి పోవద్దు, కరెంటు ఉండాది!"

చప్పుడు ఆగింది.

అడుగుల చప్పుడు లేదు. బిందె కింద పెట్టిన చప్పుడు కూడా లేదు. నేను గడియ తీయడానికి లేచాను. లేస్తూ మీటరు వైపు చూశాను.

పదమూడు. ఇరవై అయిదు. ముప్పై ఎనిమిది.

అలా జరగదు. ఇందాకటి నుంచీ చూస్తున్నాను కదా, నీళ్ళు ఇంకి ఆ అంకె ఎక్కడానికి చాలాసేపు పట్టేది. ఇప్పుడు నేను గడియ దాకా పోయేలోపే ఎక్కేసింది. పోసిన నీళ్ళను ఎవరో వెనక్కి తీసుకున్నట్టు. బీప్... బీప్... బీప్... చిన్నమ్మ మెడ నరాలు లేచాయి. నోరు తెరిచి గాలి కోసం... చేప ఒడ్డున పడితే ఎలా కొట్టుకుంటుందో అలా. ఆ కొట్టుకోవడంలోనే నా చీర కొంగు పట్టుకుంది. అంత బలం ఎక్కడిదో తెలియదు, లాగింది.

"అడగొద్దు" అంది.

"యాల సిన్నమ్మా? ఎవరు అది?"

"అడిగితే నిలిపేస్తాది. పంతం జాస్తి ఆమెకు."

నా చెయ్యి గడియ మీద ఉంది. ఒక్క అంగుళం జరిపితే తలుపు తెరుచుకుంటుంది. బయట నిజంగా మనిషి ఉంటే కరెంటు పట్టేయవచ్చు. మనిషి కాకపోతే... అది ఆలోచించలేదు. ఆలోచించకూడదనుకున్నాను. ఇవతల చిన్నమ్మ. రెండు నిమిషాలు ఇలాగే ఉంటే ఆమె ఉండదు.

గడియ మీంచి చెయ్యి తీసేశాను.

వెనక్కి వచ్చి మీటరు ముందు కూర్చున్నాను. నోరు కొంగుతో మూసుకున్నాను. చూడను. అడగను. లోపలే అనుకున్నాను ఆ మాట, పైకి అనలేదు.

ఎంతసేపో తెలియదు. నాకైతే ఒక జన్మంత.

గుబుక్.

గుబుక్... గుబుక్...

అంకె దిగడం మొదలైంది. ఇరవై అయిదు. పదమూడు. ఏడు. మిషను గొంతు సర్దుకుని మళ్ళీ అందుకుంది. చిన్నమ్మ చెయ్యి నా కొంగు వదిలింది. ఆమె గోడకేసి తల తిప్పుకుంది. చీకట్లో సరిగా కనబడలేదు కానీ ఏడుస్తోందని తెలిసింది. ఒక్క మాట అంది, నాతో కాదు.

"నా సేతి నీళ్ళు తాగకనే పోతివి గదా..."

గోడ అవతల చప్పుడు ఆగలేదు. తొందరపడలేదు. అదే పోత, అదే విరామం. నేను ఆ రాత్రంతా రెండు మీటర్ల మీంచి కన్ను తీయలేదు. వోల్టుల అంకె ఎనిమిదికి ఎక్కబోయినప్పుడల్లా ఇంకో గుబుక్ వినిపించేది. నేను భయపడ్డానా? భయపడ్డాను. కానీ ఎక్కడ ఆగిపోతుందో అన్న భయం ముందు, అది ఏమిటో అన్న భయం చిన్నదైపోయింది. అది మాత్రం నిజం.

ఎప్పుడు కునుకు పట్టిందో, పట్టలేదో. మంజు తలుపు బాదితే ఉలిక్కిపడ్డాను. తెల్లారిపోయింది. ముఖమంతా దుమ్ము, చంకలో సిలిండరు. కొమ్మలు నరికి దారి చేసుకుని వచ్చారట. గొట్టం సిలిండరుకు మార్చాం. నేను మొట్టమొదట చేసిన పని, ఎర్తుకు కలిపిన తీగ పీకేయడం.

వాడు ముఖం కడుక్కోవడానికి నీళ్ళు వెతుక్కుంటూ వెనక్కి పోయాడు. పోయినవాడు అక్కడినుంచే పిలిచాడు.

"అక్కా, గుంతలో ఇన్ని నీళ్ళు యాడియి?"

పోయి చూశాను. గుంత నిండా నీళ్ళు. అంచుల దాకా. కదలకుండా, తేటగా. రాత్రి నేను ఆఖరున కంగారుగా చల్లిన ఉప్పు అంచు చుట్టూ తెల్లగా పడి ఉంది. పొడిగా. ఒక్క గింజ కరగలేదు. బిందెతో పోస్తే చిందదా? చిందకుండా ఎవరైనా పోయగలరా? నేను చిందించిన తడి గాలికి ఎప్పుడో ఆరిపోయి, గుంత చుట్టూ దుమ్ము కూడా పొడిగానే ఉంది. మా బిందెలన్నీ వంటింట్లో, నేను పడేసినచోటే బోర్లా ఉన్నాయి.

చిన్నమ్మ కిటికీలోంచి నన్ను చూస్తోంది. మెల్లగా తల అడ్డంగా ఊపింది.

"నేనే పోసినాలే" అన్నాను మంజుతో.

వాడు నమ్మాడు. ఎందుకు నమ్మడు? నేను అబద్ధం చెప్పే మనిషిని కాదు కదా.

మునెమ్మను కలిశాను తర్వాత. సూటిగా అడగలేదు, రాత్రి గాలికి నిద్ర పట్టిందా అని మాత్రం అడిగాను. పిల్లలు భయపడితే తలుపులన్నీ బిగించుకుని పడుకున్నామని, పొద్దున దాకా గడప దాటలేదని చెప్పింది. పైపులేమైనా పగిలాయా అని చేనంతా తిరిగాను. తడి ఎక్కడా లేదు. సరే, పగిలిందే అనుకుందాం. పైపు మనిషి మాట వింటుందా? ఎవరది అంటే ఆగి, నోరు మూసుకుంటే మళ్ళీ మొదలవుతుందా? ఊపిరాడక చిన్నమ్మ ఏదో కలవరించింది, భయంతో నేనూ వినేశాను... ఇది కూడా అనుకున్నాను. చెవులు మోసపోతాయి, ఒప్పుకుంటాను. మీటరుకు చెవుల్లేవు. దానికి అవ్వ తెలియదు.

లైన్‌మన్ ఆ మధ్యాహ్నమే వచ్చి న్యూట్రల్ కట్టిపోయాడు. ఇప్పుడు ఆ గుంతతో పని లేదు. నెలకోసారి పోయి మిషను చూసి వస్తుంటాను. మీటరు బ్యాగులోనే ఉంటుంది. గుంత నిరోధం ఇప్పుడు ఎంతుందో కొలిస్తే సగం సంగతి తేలిపోతుంది. యాభై ఉంటే ఒక మాట, అయిదు ఉంటే ఇంకో మాట. ఐదు నిమిషాల పని. ఇంతవరకు కొలవలేదు. పోయిన ప్రతిసారీ కొలవాలనుకుంటాను, తీగ దాకా చెయ్యి పోతుంది, వెనక్కి తీసుకుంటాను. ఇంటికొచ్చాక నిద్ర పట్టదు. ఎందుకు కొలవలేదని నన్ను నేనే తిట్టుకుంటాను.

పోయిన వారం వెళ్ళాను. దీపాల వేళ. చిన్నమ్మ ముక్కు గొట్టం వెంట లాక్కుంటూ, గోడ పట్టుకుని, మెల్లగా వెనక తలుపు దాకా నడిచింది. చేతిలో చెంబు. గొట్టం పొడవు గడప దాకానే. అంతకంటే ముందుకు పోలేదు. ఆయాసంతో నిలబడి నా చేతికిచ్చింది.

"గుంతలో పొయ్యి" అంది.

ఎవరికి అని నేను అడగలేదు. చెప్పులేసుకుని పోయి, గుంత దగ్గర వంగి, చెంబు వంచాను. గుబుక్, గుబుక్. మట్టి లాక్కుంది. చెంబు ఖాళీ అయింది. బోర్లించి చూపించాను చిన్నమ్మకు.

చెంబు నా చేతిలో బోర్లా ఉంది... చప్పుడు ఇంకా వస్తోంది. గుబుక్... గుబుక్... కిందనుంచి, ఎవరో దాహంతో తాగుతున్నట్టు. ఎండిన నేల కదా, లోపల గాలి బుడగలు పైకి వచ్చి ఉంటాయి. అంతే అయ్యుంటుంది. తెలియదు నాకు. నేను చిన్నమ్మ వైపు చూశాను, చిన్నమ్మ గుంత వైపు చూస్తోంది. ఇద్దరం ఏమీ అడగలేదు. అది తాగడం అయిపోయేదాకా అలాగే నిలబడ్డాం. లోపల మిషను ఆడుతూనే ఉంది.